నొక్కి, ఆగి, మాట్లాడు

మెట్లెక్కి వచ్చేయండి. చెప్పులు గుమ్మం లోపలే విడవండి, బయట జల్లు కొడుతోంది. తలుపు చప్పుడు కానివ్వకండి. లోపల ఇద్దరం ఫ్రీక్వెన్సీ మీద ఉన్నాం.

విజయనగరంలో కోటకి నాలుగు వీధుల అవతల మేడ మీద గది ఇది. పైకప్పు రేకులు. గోడ గడియారంలో రాత్రి తొమ్మిది. నా తెర మూలనున్న గడియారంలో 1530. విమానాల వాళ్లందరికీ ప్రపంచమంతటా ఒకటే టైము, జులూ టైము. మన తొమ్మిదికి అక్కడ పదిహేనున్నర. రెండు బల్లలు ఎదురెదురు గోడలకి వేసి, వీపుకి వీపు పెట్టుకుని కూర్చున్నాం. ఇటు నేను, హైదరాబాద్ టవర్. అటు మా తమ్ముడి కొడుకు, హైదరాబాద్ గ్రౌండ్. వాడి తెర మీద శంషాబాద్ విమానాశ్రయం పరుచుకుని ఉంది. టెర్మినల్, స్టాండ్‌లు, టాక్సీవేలు, పక్కపక్కనే రెండు రన్‌వేలు. వాటిలో పెద్దది 4,260 మీటర్లు. ఆ గీతల మధ్య కదులుతున్న ప్రతి చుక్క వెనకా ఎవరో ఒక మనిషి ఉన్నారు. తన ఇంట్లో, తన కంప్యూటర్ ముందు, విమానం కాక్‌పిట్‌ని తెర మీద పెట్టుకుని కూర్చున్న మనిషి.

మీకోసం ఒక ఇయర్‌ఫోన్ విడిగా తీసి ఉంచాను. పెట్టుకోండి. మావాడి ఫ్రీక్వెన్సీ కూడా అందులో వినబడుతుంది.

"హైదరాబాద్ గ్రౌండ్, ఐఫ్లై సిక్స్ వన్ ఫైవ్, రిక్వెస్ట్ పుష్ అండ్ స్టార్ట్."

గొంతు లేతగా ఉంది. ఐఫ్లై అంటే ఇండిగో విమానాలకి రేడియోలో పిలుపు పేరు. మావాడి చెయ్యి చూడండి. బల్ల అంచున తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, దాని మీద గంట బొమ్మ. అవును, ఇంటి గుమ్మం పక్కన ఉండే కాలింగ్ బెల్ స్విచ్చే. దాని మీద బొటనవేలు వేశాడు. నొక్కాడు. పెదాలు కదలడం లేదు. ఒక్క క్షణం. ఇప్పుడు మాట్లాడుతున్నాడు.

ఆ ఒక్క క్షణం వాడికి రావడానికి మూడు వారాలు పట్టింది.

ఇది వాట్సిమ్ అనే నెట్‌వర్క్. 2001లో మొదలైంది. సిమ్యులేటర్‌లో విమానం నడిపేవాళ్లూ, వాళ్లకి దారి చూపే కంట్రోలర్లూ నిజమైన గొంతులతో, నిజమైన పద్ధతుల్లో ఇక్కడ కలుసుకుంటారు. పైసా ఖర్చు లేదు. పదమూడేళ్లు నిండిన ఎవరైనా చేరొచ్చు. కంట్రోలర్ కావాలంటే మాత్రం చదవాలి, పరీక్ష రాయాలి. మొదటి మెట్టు ఎస్-వన్, అంటే నేల మీది విమానాలు. రెండోది ఎస్-టూ, టవర్. ఆపైన అప్రోచ్, ఆపైన సెంటర్. మావాడు మొదటి మెట్టు ఈమధ్యే ఎక్కాడు. నేను రిటైరయ్యాక చేరాను. అంతకుముందు ముప్ఫై ఏళ్లకి పైగా టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్ని. నాకు హెడ్‌సెట్ కొత్తకాదు. ట్రంకు కాల్ కోసం బోర్డు ముందు కూర్చుని, బరంపురం లైన్లో గొంతు అందక, కళ్లు మూసుకుని విన్న రోజులున్నాయి. లైన్లో మనిషి మొహం ఉండదు, చేతి సైగ ఉండదు. ఉన్నదంతా గొంతే. అది సరిగ్గా అందకపోతే అవతల ఏమవుతుందో నాకు తెలుసు. చావు కబురు పెళ్లి కబురులా వినబడి, ఒక ఇంటివాళ్లు కొత్తబట్టలతో బయల్దేరి వెళ్లడం నా కళ్లారా చూశాను.

అందుకే వీడు మొదటిసారి గ్రౌండ్‌కి కూర్చున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమదాలవలసలో వాళ్లింట్లో వాడు, ఇక్కడ నేను. చెవుల్లో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకున్నాడు. పుష్ టు టాక్‌కి, అంటే మాట్లాడేటప్పుడు నొక్కి పట్టుకోవడానికి, కీబోర్డు మీద కంట్రోల్ కీ. పైలట్ పిలుస్తాడు, వీడు జవాబు చెప్తాడు, పైలట్ "సే అగైన్", మళ్లీ చెప్పు, అంటాడు. మళ్లీ చెప్తాడు, మళ్లీ "సే అగైన్". నాలుగో పైలట్ దగ్గర వాడి గొంతు వణికింది. ఫ్రీక్వెన్సీ వదిలేసి నాకు ఫోన్ చేశాడు.

"అత్తా, నా యాస ఆళ్లకి అర్థం అవతలేదు. నవ్వుకుంటన్నారేమో. మంచి హెడ్‌సెట్టు కొంటాను, గొంతు లోతుగా ఇనబడే రకం."

యాస కాదురా నాన్నా, అన్నాను. నీ మొదటి అక్షరాలు ఎగిరిపోతున్నాయి.

బ్లూటూత్‌లో ఉన్న చిక్కు ఇది. పాటలు వింటున్నంతసేపూ బాగానే ఉంటుంది. మైక్ కూడా కావాలనగానే మాటలకోసం ఉన్న వేరే పద్ధతిలోకి మారుతుంది. నాణ్యత పాత ఫోన్ స్థాయికి పడిపోతుంది, మాట కూడా కాస్త ఆలస్యంగా అందుతుంది. వీడేమో కీ నొక్కుతూనే మాట మొదలెడుతున్నాడు. "ఐఫ్లై సిక్స్ వన్ ఫైవ్" అని వీడంటే అవతల చేరేది "...క్స్ వన్ ఫైవ్". రేడియోలో మొదట పలికేది ఎవరిని పిలుస్తున్నామన్నది. అదే పోతే మిగతా మాటంతా చిరునామా లేని ఉత్తరం.

శనివారం రమ్మన్నాను. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో పాసింజరెక్కి పొందూరు, సిగడాం, చీపురుపల్లి మీదుగా దిగాడు. భుజాన లాప్‌టాప్ సంచీ, జేబులో పండగలకి దాచుకున్న డబ్బులు. ఆ మధ్యాహ్నం బజారుకి మీరూ వచ్చుంటే బాగుండేది. పోనీ, ఇప్పుడు నడుద్దాం పదండి, గ్రౌండ్‌లో ఈ పది నిమిషాలూ ఖాళీయే.

గంటస్తంభం దాటాక కంప్యూటర్ల కొట్టు. గాజు అరలో హెడ్‌సెట్లు ఎర్రగా, పచ్చగా, నీలంగా వెలుగుతున్నాయి. మావాడి కళ్లు అన్నిటికంటే పెద్దదాని మీద పడ్డాయి. ఏడు దిక్కుల చప్పుడు ఏడు దిక్కుల నుంచే వినబడుతుందని డబ్బా మీద రాసుంది. ఆటలకి అది మంచిదే, వెనకనుంచి ఎవరు వస్తున్నారో తెలియాలి కదా. మన ఫ్రీక్వెన్సీలో ఉన్నది ఒకటే దిక్కు. విమానాల రేడియో పంపేది ఇంచుమించు 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ దాకా, మనిషి మాటకి చాలినంత మేరే. వాట్సిమ్ 2019లో తెచ్చిన కొత్త వాయిస్ పద్ధతి కూడా ఆ వీహెచ్‌ఎఫ్ రేడియోనే అనుకరిస్తుంది, దూరం పెరిగితే గరగర కూడా వస్తుంది. అందులో డప్పుల మోత వినిపించే స్పీకర్లకి డబ్బు పోయడం ఎందుకు? ఆ లోతు శబ్దం గంట తర్వాత తలనొప్పి తెస్తుంది కూడా.

చేతిలోకి తీసుకుని చెవిదిండ్లు నొక్కి చూశాను. రెక్సిన్. మన తీరం గాలిలో, మే నెల చెమటలో ఇది రెండేళ్లు ఆగదు, పొట్టు రాలి చెవులకి అంటుకుంటుంది. చెవిని పూర్తిగా మూసేసే రకం ఏసీ గదులకి బాగుంటుంది. ఫ్యాను కింద పనిచేసేవాళ్లకి స్పాంజి దిండు, వీలైతే గుడ్డ తొడుగు మేలు. తలమీద పట్టు వదులుగా ఉండాలి. రెండు గంటల షిఫ్టులో కళ్లద్దాల కాడని చెవి వెనక నొక్కే హెడ్‌సెట్ ఎంత ఖరీదైనా పనికిరాదు.

కొట్టు అబ్బాయి ఓపిక ఉన్నవాడు. పైలట్లు పెట్టుకునే ఆకుపచ్చ డేవిడ్ క్లార్క్ హెడ్‌సెట్ బొమ్మ ఫోన్‌లో తీసి, ఇలాంటిది తెప్పించమంటారా మేడమ్, అన్నాడు. మావాడి మొహం వెలిగింది. ఆ హెడ్‌సెట్ మీద నాకెంతో గౌరవం ఉంది. చిన్న విమానంలో ఇంజిన్ హోరు మధ్య చెవుల్ని కాపాడ్డానికి పుట్టింది అది. దానికి రెండు పిన్నులు, ఒకటి లావు, ఒకటి కాస్త సన్నం, రెండూ మన కంప్యూటర్‌లో దూరవు. దాని మైకుకి విమానం రేడియో నుంచి వచ్చే కరెంటు కావాలి, కంప్యూటర్ ఇచ్చేది చాలదు. మధ్యలో ఇంకో పెట్టె కొనాలి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో తలని అంత గట్టిగా బిగించుకోవడం దేనికి?

నేను అడిగింది అరలో అడుగున, దుమ్ము పట్టిన మామూలు డబ్బా. కాల్ సెంటర్ల వాళ్లు వాడే రకం, వైరుది, యూఎస్‌బీది. నాకు ఈ జాతి హెడ్‌సెట్ల మీద ప్రేమ ఉండడానికి ఒక కారణం ఉంది. 1961లో అమెరికాలో ఇద్దరు పైలట్లు, కాక్‌పిట్‌లో తలకి బరువైన హెడ్‌సెట్లు మోయలేక, తేలికైనది తయారు చేయాలని ప్లాంట్రానిక్స్ అనే కంపెనీ పెట్టారు. 1969లో చంద్రుడి మీద నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పలికిన మాటలు భూమికి చేరింది ఆ కంపెనీ హెడ్‌సెట్ మైకులోంచే. పైలట్లకని పుట్టిన ఆ తేలిక హెడ్‌సెట్ తర్వాత టెలిఫోన్ ఆపరేటర్ల తలలకెక్కింది, ఆపైన కాల్ సెంటర్లకి వచ్చింది. ఇవాళ విజయనగరం బజారులో అడుగు అరలో ఉన్నదాని తాతలు ఆకాశంలోనే పుట్టారు.

కొనేముందు పరీక్ష చేయాలి. కొట్టులోనే లాప్‌టాప్ తెరిచి రికార్డింగ్ పెట్టించాను.

"ఏటి సెప్పమంటావు అత్తా?"

"పప్పు, బెల్లం, భోగాపురం. తర్వాత సింహాచలం, శ్రీకాకుళం."

ప, బ, భ పలికినప్పుడు నోటినుంచి గాలి తోపు వస్తుంది, మైక్ సరిగా లేకపోతే అది డబ్ డబ్ మని కొడుతుంది. స, శ పలికినప్పుడు బుస వస్తుంది. ఈ ఐదు మాటలూ బాగా వచ్చాయంటే ఇంగ్లీషులో ఏ మాటైనా వస్తుంది. మొదటిసారి భోగాపురం దగ్గర తుపాకీ పేలినట్టయింది. మైకు కాడని నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూలకి, రెండు వేళ్ల దూరంలోకి జరిపాను. రెండోసారి పేలలేదు. మైక్ మారలేదు, జరిగిందంతే. డబ్బు ఖర్చు పెట్టే ముందు జనం చేయాల్సిన పని ఇది.

భోగాపురం అన్న మాట ఊరికే ఎంచుకోలేదు. మన విశాఖ విమానాశ్రయం నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగాలో ఒక భాగం. ఇప్పుడు మా జిల్లాలోనే భోగాపురం దగ్గర అల్లూరి సీతారామరాజు పేరుతో అంతర్జాతీయ విమానాశ్రయం కట్టారు. రన్‌వే 3,800 మీటర్లు. 2026 జనవరి 4న పరీక్ష కోసం తొలి విమానం అక్కడ దిగింది. ఆ రోజు మావాడు ఫోన్‌లో అరిచిన అరుపు ఇంకా నా చెవిలో ఉంది. ఏదో ఒకనాడు ఆ టవర్‌లో నిజంగా కూర్చోవాలని వాడి కోరిక. ఈ గదిలో చేస్తున్నది దానికి అర్హత కాదు, అసలు ఉద్యోగానికి దారి వేరు, శిక్షణ వేరు. చెవీ గొంతూ వేలూ ఒక క్రమంలో పనిచేయడం మాత్రం ఇప్పుడే అలవడుతుంది.

పదండి, గదికి తిరిగొచ్చేద్దాం. ఫ్రీక్వెన్సీ మేలుకుంది.

వాన పెరిగింది. రేకుల మీద శబ్దం వింటున్నారా? మీరూ నేనూ మాట్లాడుకోవాలంటే అరవాలి. ఇప్పుడు ఇయర్‌ఫోన్‌లో మావాడి గొంతు వినండి. వాన లేదు. ఉన్నా, దూరంగా ఎక్కడో. వాడి మైకు కాడ కొసని దగ్గరనుంచి చూస్తే ముందొక చిల్లి, వెనకొక చిల్లి ఉంటాయి. దూరంగా ఉన్న వాన శబ్దం రెండు చిల్లులకీ సమానంగా చేరి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పక్కనే ఉన్న నోటి మాట ముందు చిల్లికే బలంగా తగులుతుంది, అదొక్కటే మిగులుతుంది. పిల్లలు కొందరు మాట గట్టిగా అందాలని మైకుని పిడికిట్లో మూసి పట్టుకుంటారు. అలా చేస్తే వెనక చిల్లి మూసుకుపోయి, ఉన్న వానంతా లోపలికొస్తుంది. మేమిద్దరం ఒకే గదిలో రెండు ఫ్రీక్వెన్సీల మీద మాట్లాడగలుగుతున్నామంటే ఈ రెండు చిల్లుల పుణ్యమే.

నా చెవి చూడండి. ఒక్క చెవికే దిండు. రెండో చెవి ఖాళీ. అది గది కోసం, మావాడు "అత్తా" అంటే వినడం కోసం. ఎక్స్ఛేంజ్‌లోనూ ఇంతే, ఒక చెవి లైనుకి, ఒక చెవి సూపర్‌వైజరుకి. కొత్తవాళ్లకి మాత్రం రెండు చెవులదే ఇస్తాను, మనసు చెదరకుండా.

వాడి హెడ్‌సెట్‌లో వాడి గొంతు వాడికే చిన్నగా వినబడేలా పెట్టాను. సైడ్‌టోన్ అంటారు. పాత నల్ల టెలిఫోన్లో కూడా అది కావాలనే ఉంచేవారు. మన గొంతు మనకి వినబడకపోతే తెలియకుండానే అరుస్తాం. పొలం గట్టు మీంచి, పడవ మీంచి పిలుచుకునే ప్రాంతం మాది, అరవడం రక్తంలో ఉంది. సైడ్‌టోన్ పెట్టిన రోజే వాడి గొంతు సగానికి దిగింది. దిగాక, వాడు భయపడిన యాస ఎంత అందంగా ఉందో నాకు వినబడింది.

సంగీత కళాశాల గోడ పక్కనుంచే నడిచి వచ్చాం ఆ శనివారం మధ్యాహ్నం. 1919లో విజయరామ గజపతిరాజు పెట్టింది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల చదివిందీ, సుశీల చదివిందీ అక్కడే. నారాయణదాసు రెండు చేతులతో, రెండు కాళ్లతో వేరువేరు తాళాలు వేస్తూ పాడేవారని పెద్దలు చెప్పేవారు. నా బల్ల కిందికి వంగి చూస్తే ఆయన ఎందుకు గుర్తొచ్చారో తెలుస్తుంది. నా పుష్ టు టాక్ కాలి కింద ఉంది. పక్కింటి అమ్మాయి ఒకప్పుడు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేది, డాక్టర్ల మాటలు వింటూ టైపు చేసే పని. రికార్డింగ్ ఆపడానికీ నడపడానికీ వాడిన పెడల్ అటకమీద పడి ఉంటే నాకిచ్చింది. చేతులు రెండూ కీబోర్డు మీద విమానాల వివరాలు రాస్తుంటే, కుడికాలు మాట తలుపు తెరుస్తుంది, మూస్తుంది.

మావాడికీ పెడలే పెడదామనుకున్నాను. ఒక గంట చూశాక మానేశాను. కంగారు పడినప్పుడు వాడి కాలు ఊగుతుంది. ఊగే కాలి కింద పెడల్ ఉంటే మైక్ తెరిచే ఉండిపోతుంది, ఇక ఆ ఫ్రీక్వెన్సీ మీద ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేరు. కీబోర్డు కంట్రోల్ కీ కూడా వద్దన్నాను. టైపు చేసేటప్పుడు చెయ్యి అటు వెళ్తుంది, మాట్లాడేటప్పుడు వేలు వెతుక్కోవాలి. చేతికి తన స్విచ్ కళ్లు మూసుకున్నా తెలియాలి.

అప్పుడు ఎలక్ట్రికల్ కొట్టుకి వెళ్లాం. అత్తా, లైటు స్విచ్ సాలదా, అన్నాడు. చాలదు. లైటు స్విచ్ వేస్తే వేసినట్టే ఉంటుంది. కాలింగ్ బెల్ స్విచ్ లోపల స్ప్రింగ్ ఉంటుంది, వేలు తీస్తే తనే పైకి లేస్తుంది. మనిషి మరిచిపోయినా స్విచ్ మరిచిపోదు. పుష్ టు టాక్‌లో అన్నిటికంటే ముఖ్యమైన గుణం అదే. ఇంట్లో పాత యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ ఒకటుంది, బొత్తాల రంగు కూడా వెలిసిపోయింది. స్క్రూలు విప్పితే లోపల ఆకుపచ్చ బోర్డు, ఒక్కో బొత్తాం కింద దువ్వెన పళ్లలా కలిసీ కలవని రెండు రాగి గీతలు. మొదటి బొత్తాం గీతలకి రెండు సన్నని వైర్లు టంకం వేసి, కొసలు బెల్ స్విచ్ మరలకి బిగించాం. కంప్యూటర్‌కి అది జాయ్‌స్టిక్ మొదటి బొత్తాం. ఇంటికొచ్చినవాళ్లకి కాలింగ్ బెల్.

ఆ స్విచ్ నొక్కగానే క్లిక్కుమంటుంది. ఆ క్లిక్‌నే వాడికి తాళం చేశాను. నొక్కు, క్లిక్ విను, ఊపిరి పట్టు, అప్పుడు మాట. చివరి అక్షరం పూర్తయ్యాక మళ్లీ ఊపిరి, అప్పుడు వదులు. మొదట్లో వదలడమే కష్టమైంది వాడికి. వాక్యం చివర "హోల్డ్ షార్ట్ ఆఫ్ రన్‌వే" అని ఉంటుంది, అంటే రన్‌వే ముందు ఆగు, లోపలికి వెళ్లకు. వేలు తొందరగా లేస్తే ఆ ముక్కే తెగిపోతుంది. వెళ్లమన్నది అందుతుంది, ఆగమన్నది అందదు.

వాడికి ఆ రాత్రే టెనెరిఫే గురించి చెప్పాను. 1977 మార్చి 27. కానరీ దీవుల్లో చిన్న విమానాశ్రయం, పొగమంచు. రన్‌వే మీద రెండు జంబో జెట్లు, ఒకటి కేఎల్‌ఎం, ఒకటి పాన్ యామ్. టవర్‌కి ఏదీ కనబడడం లేదు. కేఎల్‌ఎం అప్పటికే పరుగు మొదలెట్టింది. టవర్ సరేనంటూ, ఆగండి, నేను పిలుస్తాను అని చెబుతోంది. సరిగ్గా అదే క్షణంలో పాన్ యామ్, మేమింకా రన్‌వే మీదే ఉన్నామని చెబుతోంది. ఇద్దరూ ఒకేసారి నొక్కారు. కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో వినబడింది సరే అన్న మొదటి మాట, తర్వాత కీచుమనే శబ్దం, మూడు నాలుగు సెకన్లు. పొగమంచులో ఆ విమానం పరుగెత్తుతూనే ఉంది. 583 మంది పోయారు. కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, అయినా ఆ కీచుశబ్దం లేకుండా ఉంటే ఆ రెండు హెచ్చరికల్లో ఒక్కటైనా అందేది. ఆ తర్వాత మాటల పద్ధతే మారింది. టేకాఫ్ అన్న మాటని టేకాఫ్‌కి అనుమతించేటప్పుడో, దాన్ని వెనక్కి తీసుకునేటప్పుడో తప్ప వాడకూడదు. మిగతా సందర్భాల్లో డిపార్చర్ అనాలి.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నొక్కేముందు ఇనాల కదా అత్తా" అన్నాడు. నేను అంతకంటే చెప్పేదేమీ లేకపోయింది.

ఉష్. వినండి.

కీచుమంది. విన్నారా? మన ఫ్రీక్వెన్సీ మీదే. ఇద్దరు పైలట్లు ఒకేసారి పిలిచారు. మావాడి వేలు స్విచ్ మీదికి వెళ్లి, ఆగింది. శబ్దం పోయేదాకా ఆగాడు. ఇంకో లెక్క ఆగాడు. ఎవరూ రాలేదు. నొక్కాడు.

"స్టేషన్ కాలింగ్ గ్రౌండ్, టూ ఎట్ వన్స్. ఎయిర్ ఇండియా, గో అహెడ్. అదర్స్ స్టాండ్‌బై."

కీచులో ఎయిర్ ఇండియా అన్న ముక్క ఎలా పట్టుకున్నాడో నాకే తెలియదు. నేను పట్టుకోలేకపోయాను. పాత ఆపరేటర్‌గా నా గుండె నిండింది.

కరెంటు పోయింది.

కంగారు పడకండి. తెరలు వెలుగుతూనే ఉన్నాయి. నా కంప్యూటర్ కింద యూపీఎస్, వైఫై పెట్టెకి ఇన్వర్టర్, వాడి లాప్‌టాప్‌కి బ్యాటరీ. ఫ్యాను మాత్రం ఆగింది, అది మైకుకి మంచిదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇదే గదిలో రేకు లేచిపోయింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. వీడి వైపు 2018 అక్టోబరులో తిత్లీ. పలాస దగ్గర తీరం దాటిన ఆ రాత్రి వీడు చిన్నపిల్లాడు, జీడి తోటలు పడిపోవడం చూశాడు. గొంతు అవతలికి చేరకపోవడమంటే ఏమిటో మా రెండు జిల్లాల వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఒక చిన్న విషయం, కరెంటుతో పాటు లాప్‌టాప్ ఛార్జర్ కూడా ఆగింది చూశారా, ఇప్పుడు మీ ఇయర్‌ఫోన్‌లో సన్నటి గుయ్‌మనే శబ్దం తగ్గింది. మన పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా ఉండదు. రెండు పిన్నుల ఛార్జర్ పెట్టి, హెడ్‌సెట్‌ని మామూలు గుండ్రటి పిన్నుతో లాప్‌టాప్‌కే గుచ్చితే ఆ గుయ్ శబ్దం మాటలోకి వస్తుంది. యూఎస్‌బీ హెడ్‌సెట్ అడగడానికి అదొక కారణం. మీది గుండ్రటి పిన్ను, అందుకే మీకు వినబడింది. వాడిది యూఎస్‌బీ, వాడికి వినబడలేదు.

ఇప్పుడు నా ఫ్రీక్వెన్సీ మీద ఒక విమానం దిగుతోంది. దుబాయ్ నుంచి వస్తోంది. పైలట్ గొంతు మధ్యవయసు మనిషిది, ఇంగ్లీషు కింద తెలుగు ఊటలా ఉంది. చక్రాలు నేలకి తాకాయి. రన్‌వే ఖాళీ చేశాక కాలితో పెడల్ నొక్కి, ఆగి, గ్రౌండ్‌ని పిలవమన్నాను. నా పని అయిపోయింది. ఇప్పుడు మావాడి వంతు. స్టాండ్‌కి వెళ్లే దారిలో మరో టాక్సీవే మీద ఐఫ్లై సిక్స్ వన్ ఫైవ్ రన్‌వే వైపు వస్తోంది. ఒకరిని ఆపాలి.

వాడి బొటనవేలు తెల్ల స్విచ్ మీద. క్లిక్. ఊపిరి.

దారి చెప్పాడు. ఒక్కో టాక్సీవే పేరు తర్వాత చిన్న విరామం. విక్టర్ అన్న మాట దగ్గర పళ్లని కింది పెదవికి ఆనించాడు. ఇజినారం, ఇశాఖ అని పలికే నోటికి ఆ వ అక్షరం సాధనతోనే వస్తుంది. చివర్న, దారిచ్చి ఆగమన్న మాట. పూర్తిగా. ఊపిరి. అప్పుడు వేలు లేచింది.

పైలట్ మొత్తం తిరిగి చదివాడు. ఆగమన్న మాటతో సహా, ఒక్క అక్షరం పోకుండా. "సే అగైన్" లేదు.

గదిలో రేకుల మీద వాన తప్ప ఏమీ లేదు. రెండు చుక్కలూ కూడలి దగ్గరికి వచ్చాయి. ఒకటి ఆగింది. రెండోది దాటింది. మావాడి వీపు నా కుర్చీకి తగులుతోంది, వాడు ఊపిరి వదలడం నాకు తెలిసింది.

విమానం స్టాండ్‌లోకి వెళ్లి ఇంజిన్లు ఆపాక, వాడి తెర మీద టైపు చేసిన సందేశం ఒకటి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. వాడు తిరిగి నావైపు చూశాడు, చదవమన్నట్టు.

"తమ్ముడూ, మీది సిక్కోలా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. మూడు వారాల కిందటైతే ఆ మాటకి ఫ్రీక్వెన్సీ వదిలేసేవాడు. చేతులు కీబోర్డు మీద పెట్టి ఆమదాలవలస అని మొదలెట్టాడు. ఆమదా దాకా వచ్చాక ఇయర్‌ఫోన్‌లో కొత్త గొంతు.

"హైదరాబాద్ గ్రౌండ్, గుడ్ ఈవెనింగ్..."

చేతులు కీబోర్డు మీంచి లేచాయి. వేలు స్విచ్ మీదికి వెళ్లింది, పైలట్ మాట ముగిసేదాకా అక్కడే ఆగింది.